సీసీ కెమెరా అయినదానికీ కానిదానికీ మోగుతోందా? మోషన్ సెన్సిటివిటీని ఇలా సరిచేసుకోండి

కెమెరా పెట్టించిన కొత్తలో ఫోన్ టింగుమనగానే పరుగున వెళ్లి చూస్తాం. వారం తిరిగేసరికి కొబ్బరాకు ఊగినా, పిల్లి గోడ దూకినా, సందులోంచి వెళ్లే కారు లైటు గోడ మీద పడినా అదే మోత. విసుగొచ్చి ఒకరోజు నోటిఫికేషన్లు ఆపేస్తాం. ఇక ఆ తర్వాత ఆ కెమెరా దొంగ వెళ్లిపోయాక వాడి ముఖం చూసుకోవడానికే తప్ప, వాడు గేటు దగ్గర ఉండగా మనల్ని లేపడానికి పనికిరాదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు సగం పని మానేసిందన్నమాట.

చాలామంది వెంటనే సెన్సిటివిటీని, అంటే ఎంత చిన్న మార్పుకు స్పందించాలో కెమెరాకు చెప్పే అంకెను, బాగా తగ్గించేస్తారు. అలర్టులు తగ్గుతాయి, నిజమే. కానీ రాత్రిపూట నల్ల చొక్కా వేసుకుని గోడ పక్కనుంచి నెమ్మదిగా నడిచే మనిషి కూడా వాటితోపాటే తప్పిపోతాడు. నేను చెప్పేదల్లా ఒకటే: సెన్సిటివిటీ మీద చెయ్యి చివర్లో వేయండి. ముందు కెమెరా చూసే చోటును, తర్వాత ఆ బొమ్మలో కదలికను పట్టాల్సిన ఏరియాను, ఆ తర్వాతే ఆ అంకెను సరిచేయండి. ఈ వరస తప్పితే ఎన్నాళ్లు తిప్పినా కుదరదు.

ముందుగా: మీ కెమెరా కదలికను ఎలా పట్టుకుంటుంది?

ఇది తెలియకుండా సెట్టింగులు మార్చడం దండగ. ఇళ్లలో సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది డీవీఆర్‌కో ఎన్‌వీఆర్‌కో, అంటే వీడియోను హార్డ్‌డిస్క్‌లో దాచే రికార్డర్ పెట్టెకు, తగిలించిన మామూలు కెమెరా. ఇది ముందు క్షణపు బొమ్మనూ ఇప్పటి బొమ్మనూ పోల్చి చూస్తుంది. ఎక్కడ వెలుగు మారితే అక్కడ కదలిక ఉందనుకుంటుంది. మనిషేదో, నీడేదో దానికి తెలియదు. బొమ్మలోని చుక్కలు (పిక్సెళ్లు) మారాయా లేదా, అంతే.

రెండోది మనిషినీ వాహనాన్నీ గుర్తుపట్టే రకం. హిక్‌విజన్ కంపెనీ కెమెరాల్లో అక్యూసెన్స్ అనీ, దాహువా కంపెనీవాటిలో ఎస్ఎండీ అనీ పేర్లు. ట్యాపో లాంటి వైఫై కెమెరాల యాప్‌లో పర్సన్ డిటెక్షన్ అని ఉంటుంది. ఇవి కూడా మొదట చుక్కల మార్పునే చూస్తాయి. తర్వాత ఆ మారినది మనిషి ఆకారంలో ఉందా అని వడపోస్తాయి.

మూడోది బ్యాటరీతో నడిచే కెమెరా. ఇందులో చాలావాటికి పీఐఆర్ సెన్సర్ ఉంటుంది. ఇది బొమ్మను కాదు, వేడిని చూస్తుంది. ఒంటి వేడి ఉన్నది ఏదైనా దాని ముందు నుంచి కదిలితే కెమెరా నిద్ర లేస్తుంది. దీని సంగతి వేరు కాబట్టి కింద విడిగా చెబుతాను.

మీది ఏ రకమో పెట్టె మీద, లేదా యాప్‌లోని డిటెక్షన్ పేజీలో తెలిసిపోతుంది. హ్యూమన్, పర్సన్, వెహికల్ అనే ఆప్షన్లు ఏవైనా కనిపిస్తే మీ కెమెరా రెండో రకం. వాటిని ముందు ఆన్ చేయండి. మీ బాధలో సగం అక్కడే తీరిపోవచ్చు.

ఒక రోజు అలర్టులన్నీ కూర్చుని చూడండి

ఏ సెట్టింగూ ముట్టుకోకుండా నిన్నటి అలర్టులను ఒక్కొక్కటిగా తెరవండి. కాగితం మీద రెండే గడులు: ఎప్పుడు, దేనివల్ల. పావుగంట పని. ఈ పని చేసినవాళ్లకు తర్వాతి పనంతా సులువు. ఎందుకంటే ప్రతి ఇంటికీ ఒకటో రెండో అసలు కారణాలుంటాయి, మిగిలినవన్నీ వాటి పిల్లలే.

టైము చూస్తేనే చాలావరకు అర్థమైపోతుంది. పొద్దుగూకే వేళ, తెల్లవారే వేళ ఒక్కో అలర్టు కచ్చితంగా వస్తుంటే, అది కెమెరా రంగుల నుంచి నలుపు తెలుపుకు, మళ్లీ రంగులకు మారేటప్పుడు వచ్చేది. బొమ్మ మొత్తం ఒక్కసారిగా మారిపోతుంది కదా, కదలిక అనుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో గుంపులుగా వస్తుంటే చెట్టు నీడలు. రాత్రి ఏడెనిమిది నుంచి ఆగకుండా వస్తుంటే పురుగులు, లేదా లెన్సు ముందు సాలెగూడు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వస్తుంటే కెమెరా మళ్లీ మొదలవుతోందన్నమాట. దానికి సెన్సిటివిటీతో పని లేదు, కెమెరా అడాప్టర్‌నూ రూటర్‌నూ ఇన్వర్టర్ లైను మీదకు మార్చాలి.

ఇంట్లో లోపల పెట్టిన కెమెరా ఎవరూ లేకుండానే మోగుతుంటే, బొమ్మ మీద సన్నటి అడ్డ చారలు పైకో కిందకో జారుతున్నాయేమో గమనించండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. కెమెరా సెట్టింగు 60 హెర్ట్‌జ్‌లో, అంటే ఎన్‌టీఎస్‌సీలో ఉండిపోతే ట్యూబులైటు వెలుగులో ఈ చారలు వస్తాయి. వీడియో స్టాండర్డ్‌ను పాల్ (PAL) 50 హెర్ట్‌జ్‌కు మార్చండి. వైఫై కెమెరాల్లో ఇదే యాంటీ-ఫ్లికర్ అనో, పవర్ ఫ్రీక్వెన్సీ అనో ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో సెన్సిటివిటీ ముట్టుకోకుండానే పని అయిపోయే ఇళ్లున్నాయి.

కెమెరా ఏం చూడాలో ముందు తేల్చండి

కెమెరా బొమ్మలో పైసగం ఆకాశం, మధ్యలో వీధి, అడుగున ఎక్కడో మన గేటు... ఇలా ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు. ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తులో ఉన్న కెమెరాను కాస్త కిందికి వంచితే ఆకాశం, వీధి పక్కకు తప్పుకుంటాయి. గేటు నుంచి గుమ్మం దాకా ఉన్న దారి బొమ్మ మధ్యలోకి రావాలి. మనిషి గేటు దాటగానే తల నుంచి కాళ్ల దాకా కనిపించాలి. మరీ నిటారుగా కిందికి వంచేస్తే తల మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు మనిషిని గుర్తుపట్టే కెమెరా కూడా తడబడుతుంది.

తర్వాత కెమెరా ఎదురుగా అడ్డొచ్చే వాటిని చూడండి. మందార కొమ్మ లెన్సుకు అడుగు దూరంలో ఊగుతుంటే కత్తిరించండి. దండెం కెమెరా చూపులో ఉంటే పక్కకు మార్చండి. మనిషిని గుర్తుపట్టే కెమెరాలు కూడా గాలికి ఊగే చొక్కాను చూసి ఒక్కోసారి మనిషనుకుంటాయి. కెమెరా పక్కనే తెల్ల గోడ ఉంటే రాత్రిపూట దాని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు గోడకు కొట్టుకుని బొమ్మ వెలిసిపోతుంది. కాస్త పక్కకు తిప్పాలి. లెన్సు మీద దుమ్ము ఉంటే కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డతో తుడవండి.

కెమెరా గట్టిగా బిగించి ఉందా? చేత్తో మెల్లగా కదిపి చూడండి. స్క్రూ వదులైన కెమెరా గాలికి వణికితే బొమ్మ మొత్తం వణుకుతుంది. దానికది ప్రతి క్షణం కదలికే.

ఏరియా గీయడం: అసలు పని ఇక్కడే

ఇప్పుడు కెమెరాకు "ఇక్కడ మాత్రమే చూడు" అని చెప్పాలి. మామూలుగా కొత్త డీవీఆర్‌లో బొమ్మ మొత్తం కదలిక ఏరియాగా ఉంటుంది. అలా వదిలేయడమే తప్పుడు అలర్టులకు అన్నింటికన్నా పెద్ద కారణం.

హిక్‌విజన్ డీవీఆర్‌లలో పాత మెనూ అయితే మెనూ, కెమెరా, మోషన్ అనే వరసలో వెళ్లాలి. కొత్తవాటిలో సిస్టమ్, ఈవెంట్, నార్మల్ ఈవెంట్, మోషన్ డిటెక్షన్. బొమ్మ మీద గళ్లు కనిపిస్తాయి. ముందు క్లియర్ నొక్కి అన్నీ తుడిచేయండి. తర్వాత మౌస్ పట్టుకుని మీకు కావలసిన చోట మాత్రమే లాగండి.

దాహువాలోనూ, అదే తరహా మెనూ ఉండే సీపీ ప్లస్ డీవీఆర్‌లలోనూ వీడియో డిటెక్షన్ కింద మోషన్ డిటెక్ట్, అందులో రీజియన్ సెట్టింగ్. ఇక్కడ ఒక మంచి సదుపాయం ఉంది. నాలుగు రంగుల్లో నాలుగు ఏరియాలు గీయొచ్చు, ఒక్కోదానికి సెన్సిటివిటీ వేరుగా పెట్టొచ్చు. అంటే గుమ్మానికి ఎక్కువ, చెట్టు పక్కన తక్కువ. చాలా ఇళ్లలో దీన్ని ఎవరూ తెరిచి కూడా చూడరు. గీయడం అయ్యాక రైట్ క్లిక్ చేసి వెనక్కి వచ్చి, అప్లై నొక్కడం మరిచిపోవద్దు. ఇది నొక్కకపోతే ఎంత కష్టపడి గీసినా నిలవదు.

వైఫై కెమెరాల్లో యాప్ తెరిచి, లైవ్ బొమ్మ మీద ఉన్న సెట్టింగ్స్ గుర్తు నొక్కి, డిటెక్షన్ లోపల యాక్టివిటీ జోన్ అని వెతకండి. పేర్లు వెర్షన్‌ను బట్టి కాస్త మారుతుంటాయి, పని మాత్రం ఇదే.

ఏం గీయాలి? ఒక మామూలు ఇల్లు తీసుకుందాం. ముందు వీధి, గేటు, గేటు లోపల కారు పెట్టే పోర్టికో, ఎడమ వైపు మేడ మెట్లు, కుడి వైపు ప్రహరీని ఆనుకుని కొబ్బరి చెట్టు. కెమెరా పోర్టికో సన్‌షేడ్ కింద, గేటు వైపు చూస్తూ ఉంది. ఇందులో వీధిని పూర్తిగా వదిలేయండి. గేటు ఊచల సందుల్లోంచి వీధిలో పోయే బండ్లు కనిపిస్తాయి కాబట్టి గేటును కూడా వదిలేసి, గేటుకు ఒక అడుగు లోపల నేల నుంచి మొదలుపెట్టండి. అక్కడి నుంచి గుమ్మం దాకా నేలంతా గీయండి. మెట్లలో కింది నాలుగైదు చాలు. ప్రహరీ మీదుగా దూకే అవకాశం ఉంటే గోడ లోపలి వైపు నేలను కలపండి. గోడ పైభాగం వద్దు. పిల్లులు తిరిగేది అక్కడే. కొబ్బరి చెట్టు తలను, నేల మీద దాని నీడ ఊగే చోటును వదిలేయండి. పొద్దునా సాయంత్రం నీడ రెండు వైపులకు మారుతుంది కాబట్టి ఉదయం తొమ్మిదికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూసి గీయండి.

చూశారా, ఆకారాలకన్నా నేలను గీశాం. మనిషి ఎటు నుంచి వచ్చినా కాలు నేల మీద పెట్టక తప్పదు. చెట్టు, వెలుతురు, వీధి ఎక్కువగా బొమ్మ పైభాగంలో ఉంటాయి. ఈ ఒక్క సూత్రంతో గీస్తే మామూలు కెమెరా కూడా తెలివైనదానిలా పనిచేస్తుంది.

పక్కింటివారి గుమ్మం, కిటికీ, వాళ్ల వరండా మీ బొమ్మలో పడుతుంటే ఏరియా నుంచి తీసేయడం ఒక్కటే చాలదు, రికార్డింగ్‌లో కూడా పడకుండా ప్రైవసీ మాస్క్ పెట్టండి. దాదాపు అన్ని డీవీఆర్‌లలో ఈ ఆప్షన్ ఉంటుంది. పక్కింటివాళ్ల రాకపోకలు మన హార్డ్‌డిస్క్‌లో ఉండకూడదు. ఇది మర్యాద.

ఇప్పుడు సెన్సిటివిటీ

ఇక్కడ రెండు అంకెలుంటాయి. చాలామంది వాటిని కలిపేసుకుని తికమక పడతారు.

సెన్సిటివిటీ అంటే ఎంత చిన్న మార్పును మార్పుగా లెక్కపెట్టాలి అన్నది. ఇది పెంచితే లేత నీడ కూడా లెక్కలోకి వస్తుంది. థ్రెషోల్డ్ అంటే గీసిన ఏరియాలో ఎంత భాగం మారితే అలర్టు ఇవ్వాలి అన్నది. ఇది పెంచితే చిన్న వస్తువులు లెక్కలోంచి పోతాయి. కాబట్టి అలర్టులు తగ్గాలంటే సెన్సిటివిటీ తగ్గించాలి, థ్రెషోల్డ్ పెంచాలి. రెండూ ఒకే దిక్కుకు తిప్పితే ఒకదాన్ని ఇంకొకటి కొట్టేసి, ఏమీ మారలేదేమని ఆశ్చర్యపోతారు.

పిల్లి, కుక్క, కాకి బాధ ఉంటే థ్రెషోల్డ్ పెంచండి. అవి బొమ్మలో కొంచెం చోటే తీసుకుంటాయి, మనిషి ఎక్కువ తీసుకుంటాడు. నీడ, మబ్బు, వెలుతురు బాధ ఉంటే సెన్సిటివిటీ తగ్గించండి. అవి పెద్ద చోటు తీసుకున్నా మార్పు లేతగా ఉంటుంది. కాగితం మీద కారణాలు రాయమన్నది ఇందుకే. ఏ అంకెను తిప్పాలో ఆ కాగితమే చెబుతుంది.

థ్రెషోల్డ్ లేకుండా సెన్సిటివిటీ ఒక్కటే ఉండే యాప్‌లున్నాయి. అలాంటప్పుడు ఏరియా చక్కగా గీయడం మరింత ముఖ్యం.

0 నుంచి 100 దాకా ఉండే కొలతలో 50 దగ్గర మొదలుపెట్టండి. లో, మీడియం, హై అని ఉంటే మీడియం. ఒకసారికి పది కన్నా ఎక్కువ జరపవద్దు. రెండు అంకెలనూ ఒకే రోజు మార్చవద్దు. ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియకుండా పోతుంది.

హిక్‌విజన్ ఐపీ కెమెరా ఉంటే, కంప్యూటర్ బ్రౌజర్‌లో కెమెరా ఐపీ అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లండి. మోషన్ డిటెక్షన్‌లో చాలా మోడళ్లకు ఎక్స్‌పర్ట్ మోడ్ ఉంటుంది. అందులో పగటికి ఒక సెన్సిటివిటీ, రాత్రికి ఇంకొకటి పెట్టుకోవచ్చు. పగలు నీడలు ఎక్కువ, రాత్రి వెలుతురు తక్కువ. రెండింటికీ ఒకే అంకె సరిపోదు కాబట్టి ఈ ఆప్షన్ ఉన్నవాళ్లు తప్పకుండా వాడాలి.

యాంటీ-డిథర్ అనే గడి కొన్ని డీవీఆర్‌లలో కనిపిస్తుంది. అందులో పెట్టిన సెకన్లలోపు ఎన్నిసార్లు కదిలినా ఒకే ఘటనగా లెక్కపెడుతుంది. పనిమనిషి వాకిలి ఊడ్చి ముగ్గు వేసేలోపు ముప్పై అలర్టులు రాకుండా ఆపేది ఇదే. వైఫై యాప్‌లలో దీని పోలిక అలర్ట్ ఇంటర్వెల్, లేదా కూల్‌డౌన్. ఒకటి రెండు నిమిషాలు పెట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

నడిచి చూడండి, పగలొకసారి రాత్రొకసారి

సెట్టింగ్ మార్చి, "ఇక సరిపోతుందిలే" అని వదిలేయడానికి లేదు. ఇంట్లో ఒకరు ఫోన్ పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట నడవాలి. గేటు తీసుకుని మామూలుగా గుమ్మం దాకా. తర్వాత గోడను ఆనుకుని నెమ్మదిగా, ఆగి ఆగి. తర్వాత వంగి. ఆఖరున గొడుగు వేసుకుని, లేదా ఒంటి నిండా దుప్పటి కప్పుకుని. మనిషిని గుర్తుపట్టే కెమెరాలు ఈ ఆఖరి రెంటిలో తడబడితే, ఆ కెమెరాకు మనిషి వడపోతతో పాటు మామూలు మోషన్ రికార్డింగ్‌ను కూడా ఆన్‌లో ఉంచాలి. అలర్టు రాకపోయినా కనీసం వీడియో ఉంటుంది.

ఫోన్ పట్టుకున్నవారు చూడాల్సింది అలర్టు వచ్చిందా లేదా అన్నది ఒక్కటే కాదు, ఎక్కడ ఉండగా వచ్చిందీ అన్నది. గేటు దాటిన రెండు మూడు అడుగుల్లో రావాలి. గుమ్మం ముట్టుకున్నాక వస్తే ఆలస్యమైనట్టే. ఏరియాను గేటు వైపు పెంచండి, లేదా సెన్సిటివిటీ పది పెంచండి. వచ్చిన వీడియో మొదట్లోనే మనిషి నడిమధ్యలో ఉంటే ప్రీ-రికార్డ్ చూడండి. కదలిక మొదలవడానికి ముందు కొన్ని సెకన్లను కూడా కలిపి దాచే సెట్టింగ్ అది. ఐదు సెకన్లు ఉంటే గేటు తీస్తున్న చెయ్యి కూడా దొరుకుతుంది.

రాత్రి పరీక్ష మానేస్తే మొత్తం పనికి అర్థం లేదు. కెమెరా చూపు రాత్రి పూర్తిగా వేరు. బయటి లైట్లు రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచి, అందరూ పడుకున్నాక ఉండే చీకటిలో నడవండి. ముదురు రంగు బట్టలు వేసుకుంటే మంచిది.

రాత్రి గొడవలు

కెమెరా చుట్టూ ఉండే చిన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లు మన కంటికి దాదాపు కనిపించవు. కెమెరాకు మాత్రం టార్చిలైటు వేసినట్టే. లెన్సుకు జానెడు దూరంలో ఎగిరే దోమ ఆ వెలుగు పడి తెల్లటి ముద్దలా మెరుస్తుంది. దూరంగా ఉన్న మనిషికన్నా అదే పెద్దగా కనిపిస్తుంది. థ్రెషోల్డ్ ఎంత పెంచినా ఇది ఆగదు.

సాలీడు ఇంకా మొండిది. వాన పడని చోటు, కాస్త వెచ్చదనం, చుట్టూ పురుగులు. కెమెరా మూతి దానికి నచ్చే చోటు. ఒక్క పోగు లెన్సు ముందు వేలాడితే చాలు. పగలు అది కనిపించదు. రాత్రి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వెలుగులో తాడంత లావుగా, తెల్లగా, గాలికి అటూ ఇటూ ఊగుతూ తెల్లార్లూ అలర్టులిస్తుంది. ప్లేబ్యాక్‌లో బొమ్మకు అడ్డంగా మసక తెల్ల గీత కనిపిస్తే అదే. వారానికోసారి బూజు దులిపేటప్పుడు కెమెరాను కూడా లెక్కలో వేసుకోండి. బూజుకర్రతో నేరుగా లెన్సు మీద కొట్టవద్దు, దాని కొసకు మెత్తటి గుడ్డ చుట్టి మెల్లగా తీయండి.

దీనికి శాశ్వతమైన మందు వెలుగును కెమెరా నుంచి దూరం చేయడం. కెమెరాలోని ఐఆర్ ఆపేసి, పోర్టికోలో నాలుగైదు అడుగుల పక్కన ఒక ఎల్ఈడీ బల్బు రాత్రంతా వెలగనివ్వండి. చాలా కెమెరాలు ఆ మాత్రం వెలుతురులో బొమ్మను బాగానే తీస్తాయి. పురుగులు బల్బు దగ్గరికి పోతాయి, లెన్సు ముందు ఖాళీ అవుతుంది. తొలకరి వానలకు ఉసిళ్లు లేచే రోజుల్లో మాత్రం బల్బు చుట్టూ పెద్ద దండే ఉంటుంది. అందుకే బల్బు చుట్టుపక్కల చోటును గీసిన ఏరియాలోంచి తీసేయాలి.

సందు మలుపులో ఇల్లు ఉన్నవాళ్లకు బండ్ల హెడ్‌లైట్లు పెద్ద తలనొప్పి. వెలుగు గోడ మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు జారుతుంది. ఆ గోడను ఏరియా నుంచి తీసేసి నేలను మాత్రం ఉంచండి. అప్పటికీ ఆగకపోతే మనిషిని గుర్తుపట్టే కెమెరా ఒక్కటి ఆ చోట పెట్టడమే సరైన ఖర్చు.

బ్యాటరీ కెమెరా ఉన్నవాళ్లకు

పీఐఆర్ సెన్సర్ చుట్టూ ఉన్న వేడికీ ఒంటి వేడికీ ఉన్న తేడాను చూస్తుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో ఎండ 42, 43 ఉన్నప్పుడు గోడ, నేల, మనిషి అన్నీ దానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆ వేళ అది మనిషిని వదిలేయడం కెమెరా పాడైనందువల్ల కాదు. ఎండాకాలం పగటిపూట సెన్సిటివిటీ ఒక మెట్టు పెంచండి, చలికాలంలో దించండి.

ఇంకొకటి, పీఐఆర్ అడ్డంగా దాటే మనిషిని చక్కగా పట్టుకుంటుంది, తనవైపు నేరుగా నడిచొచ్చే మనిషిని ఆలస్యంగా పట్టుకుంటుంది. కాబట్టి బ్యాటరీ కెమెరాను గేటుకు ఎదురుగా కాకుండా, గేటు నుంచి గుమ్మానికి వచ్చే దారి అడ్డంగా కనిపించేలా పక్క గోడకు పెట్టండి. ఏడెనిమిది అడుగుల ఎత్తు చాలు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వైపు, వంటింటి ఎగ్జాస్ట్ వైపు తిప్పవద్దు. అక్కడి వేడిగాలి దాన్ని ఊరికే లేపుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

రికార్డింగ్ వేరు, అలర్టు వేరు

ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది నష్టపోతారు. రికార్డింగ్ ఉదారంగా ఉండొచ్చు. అలర్టు మాత్రం పిసినారిగా ఉండాలి. డీవీఆర్ ఉన్నవాళ్లకు నా సలహా: హార్డ్‌డిస్క్‌లో చోటు ఉన్నంతవరకు 24 గంటలూ రికార్డింగ్ ఉంచండి. మోషన్‌ను గుర్తు పెట్టడానికీ, అలర్టుకూ వాడండి. ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) వేగంతో రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86 జీబీ పైచిలుకు. అంటే 1 టీబీ డిస్క్‌లో పది, పదకొండు రోజులు. అది చాలదనుకుంటే రాత్రి పూర్తి రికార్డింగ్, పగలు మోషన్ రికార్డింగ్ పెట్టుకోండి. దాహువా తరహా డీవీఆర్‌ల ప్లేబ్యాక్‌లో మామూలు రికార్డింగ్ ఆకుపచ్చగా, మోషన్ పసుపుగా కనిపిస్తుంది. పసుపు పట్టీలు చూసుకుంటూ పోతే రోజంతటినీ ఐదు నిమిషాల్లో తిరగేయొచ్చు.

అలర్టులకు టైము పెట్టండి. పాలవాడు, పేపరు కుర్రాడు, పనిమనిషి, స్కూలు ఆటో వచ్చే ఉదయం వేళ ఇంట్లో అందరూ మెలకువగానే ఉంటారు. అప్పుడు అలర్టు దేనికి? రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా, ఇల్లు తాళం వేసి ఉండే ఆఫీసు వేళల్లో పెడితే చాలు.

ఇంత చేసినా అలర్టు రావడం లేదంటే సెన్సిటివిటీ పెంచకముందు ఫోన్ చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. కెమెరా యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేసి, ఆటోస్టార్ట్ అనుమతి ఇచ్చి, నోటిఫికేషన్ శబ్దాన్ని మిగతావాటికి భిన్నంగా పెట్టండి. వాట్సాప్ శబ్దంలో కలిసిపోతే అర్ధరాత్రి ఎవరూ లేవరు.

పిల్లలు విదేశాల్లో, అమ్మానాన్న ఊళ్లో

ఇప్పుడు చాలా ఇళ్ల సంగతి ఇదే. కెమెరా తెనాలిలో, యాప్ డాలస్‌లో. ఇక్కడ పగలు పదకొండయితే అక్కడ అర్ధరాత్రి అటూ ఇటూ. నిద్ర పాడవుతోందని కెమెరా టైమును అమెరికా టైముకు మార్చేవాళ్లున్నారు. వద్దు. కెమెరా టైమ్‌జోన్ ఇండియాలోనే ఉండాలి. లేకపోతే రికార్డింగ్ మీద పడే గంటలు తప్పవుతాయి, రేపు పోలీసులకు చూపించాల్సి వస్తే అదో చిక్కు. మీ నిద్ర కోసం మీ ఫోన్‌లోని డు నాట్ డిస్టర్బ్ వాడండి. ఊళ్లో ఉన్న బాబాయికో, నమ్మకమైన పక్కింటివారికో యాప్‌లో షేర్ ఆప్షన్‌తో చూసే అనుమతి ఇవ్వండి. అలర్టు వచ్చినప్పుడు గేటు దాకా నడిచి వెళ్లగలిగేది వాళ్లే. పాస్‌వర్డ్ చెప్పేయకండి, షేర్ మాత్రమే.

పెద్దవాళ్లున్న ఇంట్లో లోపలి కెమెరా ఉంటే దాని సెన్సిటివిటీ గురించి వాళ్లతో మాట్లాడి పెట్టండి. నాన్న లేచి మంచినీళ్లు తాగిన ప్రతిసారీ కొడుకు ఫోన్ మోగడం ఆయనకు బాగుండదు. హాల్లో గుమ్మం వైపు చిన్న ఏరియా చాలు.

ఊరెళ్లేముందు

సంక్రాంతికో, పెళ్లికో ఇల్లు తాళం వేసి వెళ్లేటప్పుడు సెట్టింగులు మారాలి. అప్పుడు ఇంటి ఆవరణలో ఎవరూ ఉండకూడదు కాబట్టి అలర్టు టైము 24 గంటలు చేయండి. ఇంటి లోపలి కెమెరాల సెన్సిటివిటీ బాగా పెంచండి. కిటికీ కర్టెన్లు ముడి వేయండి, ఫ్యాన్లు ఆపండి. లోపల కదిలేది ఏదీ లేనప్పుడు ఎక్కువ సెన్సిటివిటీ ఇబ్బంది పెట్టదు. రూటర్, డీవీఆర్ ఉన్న ప్లగ్గులను "అన్నీ ఆపేశాం" అనే హడావుడిలో ఎవరూ ఆపకుండా వాటి మీద కాగితం అంటించండి. బయలుదేరాక ఇంటి వైఫై కాకుండా మొబైల్ డేటా మీద యాప్ తెరిచి లైవ్ వస్తోందో లేదో బస్టాండులోనే చూసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అనే ఏర్పాటు తెచ్చారు. ఊరెళ్లేవారు ముందుగా కోరితే పోలీసులే ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెట్టి, అలర్టు తమకే వచ్చేలా చూస్తారు. మీ ఊళ్లో ఈ సేవ ఇప్పుడు ఉందో లేదో దగ్గరి స్టేషన్‌లో అడగండి. వాళ్ల కెమెరా పెట్టే గదిలో మీ కెమెరా కూడా ఉంటే, రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఐఆర్ వెలుగు కొట్టుకోకుండా మీదాన్ని పక్కకు తిప్పి వెళ్లండి.